తమ్ముని ఫొటో వెనక మా రాగం

నేను ఏడుపు మ్యూజిక్ చేస్త. ఈ మాట నా దగ్గరికి పనికి వచ్చేటోళ్లు అనంగ అనంగ నాకూ అలవాటైంది. మహబూబాబాద్‌ను మేము మానుకోట అంటం. అక్కడ రైల్వే స్టేషన్‌కు దగ్గర్ల, ఒక టైలర్ షాపు మీద నాకొక రూము ఉన్నది. అండ్ల ఒక కీబోర్డు, ఒక కంప్యూటర్, చప్పుడు లోపలికి రాకుండ గోడలకు కొట్టిన పాత బొంతలు. షార్ట్ ఫిల్ములు తీసేటోళ్లు, లోకల్ ఛానళ్లు నడిపేటోళ్లు మెట్లెక్కి వచ్చి "అక్కా, చూసినోళ్ల కండ్లల్ల నీళ్లు తిరగాలె" అంటరు. పాట వద్దు, మాటలు వద్దు, ఒట్టి వాయిద్యం చాలంటరు. నవ్వు వచ్చే మ్యూజిక్ కావాలని అడిగినోళ్లు చాన తక్కువ.

మాది గూడూరు దగ్గర ఒక తండా. ఇంట్ల మా భాష, బయట తెలుగు. అమ్మను మేము యాడి అని పిలుస్తం. నేను డిగ్రీ చదివేటప్పుడే బాపు పోయిండు. కీబోర్డు నాకు మానుకోట బ్యాండు మేళంల వాయించే ఒక పెద్దాయన నేర్పిండు. తమ్మునికి ఎవరూ నేర్పలే. జాతరల కొన్న పిల్లంగోవి పట్టుకొని, మక్కచేనుకు కావలి కూసున్న రోజులల్ల వాడే నేర్చుకున్నడు. పెద్దయినంక వానికి సెల్ టవర్ల పని దొరికింది. మొదలు గంగారం అడవుల, తర్వాత భూపాలపల్లి దిక్కు. కరెంటు పోతే టవర్ కింద జనరేటర్ నడపాలె, డీజిల్ పొయ్యాలె, బ్యాటరీలు చూడాలె. భూపాలపల్లిల రూము తీసుకొని, బండి వెనక డీజిల్ డబ్బ కట్టుకొని తిరిగేటోడు. సెలవు దొరికితే బస్సెక్కి నా రూముకు వచ్చి, సంచిల నుంచి ఫ్లూటు తీసేటోడు.

మా రూముల ఫ్లూటు రికార్డు చెయ్యాలంటే రైలుకూ రైలుకూ నడుమ చెయ్యాలె. గూడ్సు బండి వచ్చిందంటే కిటికీ అద్దాలు వణుకుతయి. వాడు ఊదుకుంట ఊదుకుంటనే చెయ్యి లేపి ఆపుతడు. రైలు పోయేదాక ఇద్దరం కూసొని నవ్వుకుంటం. మల్ల మొదటి నుంచి.

జనగామల ఒకాయన ఉన్నడు. పగలు మొబైల్ షాపు నడుపుతడు, ఆదివారాలు షార్ట్ ఫిల్ములు తీస్తడు. మేము ఆయనను డైరెక్టర్ అనే పిలుస్తం. ఆయన తీసిన ఒక సినిమాల, దవాఖాన వరండాల భర్త కోసం కూసున్న ఆడమనిషి కథ ఉన్నది. ఆమె మొదటి నుంచి చివరిదాక ఒక్క మాట మాట్లాడదు. అంత భారం మ్యూజిక్ మీదనే. నేను చేసిందేదీ ఆయనకు నచ్చలే. "అక్కా, ఇది సినిమాలల్ల ఏడ్చినట్టే ఉన్నది. మన ఊర్లె ఏడ్చినట్టు లేదు" అన్నడు.

ఆ రోజు తమ్ముడు రూముల్నే ఉన్నడు. ఫ్లూటు తీసి చిన్న ముక్క ఒకటి ఊదిండు. నా వేళ్లు కీబోర్డు మీద అట్లనే ఆగినయి. మా తండా ఆడోళ్లు ఏడిస్తే పాట లెక్కనే ఏడుస్తరు, ఏడుపుకు ఒక వరుస ఉంటది. వాడు ఊదింది బాపు పోయిన రోజు యాడి ఏడ్చిన వరుస. అప్పుడు వాడు మస్తు చిన్నోడు. గడప మీద కూసొని బుక్కెడు అటుకులు తినుకుంట ఉన్నడు, నాకు గుర్తున్నది. గంతమంది ఏడుస్తుంటే ఆ ఒక్క గొంతును ఎట్ల పట్టుకున్నడో.

దాని కింద నేను కీబోర్డు మీద వయొలిన్ తీగల చప్పుడు మెల్లగ పరిచిన. అంతకంటే ఏం చెయ్యలే. డైరెక్టర్ విని బయట మెట్ల మీదికి పోయి చాన సేపు నిలవడ్డడు.

సినిమాను ఎక్కువ మంది చూడలే. మ్యూజిక్‌ను మాత్రం విడిగ నెట్ల పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చని రాసినం. కొన్ని నెలలకు ఎవరో ఒక శ్రద్ధాంజలి వీడియోకు దాన్ని కలిపిండ్రు. ఫొటో, దాని చుట్టు దీపాలు, వెనక మా రాగం. ఆ తర్వాత ఇంకొకరు. అటెన్క మా జిల్లాలల్ల ఎవరు పోయినా ఫోన్ల అదే వినవడవట్టింది. బస్టాండ్ల, చాయ్ హోటల్ల, మిర్చి కల్లాల కాడ. ఎక్కడో ఒక ఫోన్ల మొదలైతది, పక్కనున్నోళ్లు "అయ్యో, ఎవరు పోయిండ్రు?" అని తల తిప్పుతరు. తమ్ముడు నవ్వేటోడు. "అక్కా, మనల్ని ఎవరు పిలవకున్నా ఊరూరి చావుకు పోతున్నం" అనేటోడు.

యాడి మాత్రం నవ్వలే. ఒకసారి తండాల వాడు మంచం మీద పండి అది ఊదుతుంటే, రొట్టె చేసేది ఆపి వచ్చి నిలవడ్డది. "గది ఇంట్ల ఊదకు. నేను మీ బాపు కోసం ఏడ్చింది. ఒకరి కోసం ఏడ్చింది ఇంకొకరికి పనికిరాదు" అన్నది. వాడు ఫ్లూటు పక్కకు పెట్టిండు. మల్ల ఎన్నడు ఇంట్ల ఆ రాగం ఊదలే.

ఆ వానకాలం ముసురు వదలలే. అడవి దిక్కు వాగులన్ని నిండినయని వార్తలల్ల చెప్తున్నరు. తమ్ముడు ఫోన్ చేసి "కరెంటు పోయింది, టవర్లు ఒక్కొక్కటి పడిపోతున్నయి, డీజిల్ పట్టుకొని పోతున్న" అన్నడు. "జర చూసుకొని పో" అన్న. అంతే మాట్లాడుకున్నం. తెల్లారి నేను రూముల డైరెక్టర్ కొత్త సినిమాకు మ్యూజిక్ కలుపుతున్న. తమ్మునికి ఫోన్ చేస్తే కలుస్తలేదు. అడవిల ఇది మామూలే అనుకున్న.

పొద్దెక్కినంక వాని తోటి పనాయన ఫోన్ చేసిండు. గంగారం ఆయన, ఇద్దరు ఒక్క రూముల ఉంటరు.

"అక్కా, నువ్వొక్కదానివే ఉన్నవా?"

"ఏందో చెప్పన్నా."

"తమ్ముని బండి వాగుల దొరికింది. కల్వర్టు కింద చెట్టుకు తట్టుకొని ఉన్నది. మనిషి కనవడ్తలేడు. పోలీసోళ్లు, ఊరోళ్లు దేవులాడుతున్నరు. అవతలికి పోయేటందుకు దారి లేదు. నేను ఈడనే ఉన్న."

నేను అడగాల్సినవి మస్తున్నయి. నోట్లె నుంచి మాత్రం ఒక్క మాటే వచ్చింది. "యాడికి చెప్పిండ్రా?"

"మేమైతె ఎవరికి చెప్పలే."

కంప్యూటర్ కూడ బంద్ చెయ్యకుండ మెట్లు దిగిన. యాడికి ఈ మాట నేనే చెప్పాలె, ఇంకెవరి నోటి నుంచి వినొద్దు. అప్పుడు నాకున్న ఆలోచన అదొక్కటే. వానకు బస్సులు సరిగ వస్తలేవు. గూడూరు పోయే షేర్ ఆటో ఎక్కిన. రెండు దిక్కుల పరదాలు దించిండ్రు, లోపల తడిసిన బట్టల వాసన. నా ఎదురుంగ ఒకామె ఒళ్లె కూరగాయల సంచి పెట్టుకొని ఫోన్ చూస్తున్నది. నేను వచ్చేదాక యాడికి ఎవరు ఏం చెప్పకుండ చూడుమని చెప్పేటందుకు తండాల ఉన్న మా చిన్నాయినకు చేస్తున్న, కలుస్తలేదు.

ఊరు దాటి కొంచెం దూరం పోయినమో లేదో, ఆ రాగం మొదలైంది. ఎదురుంగున్నామె ఫోన్లనే. ఎవరో పోయిండ్రు అనుకున్న, ఎప్పటి లెక్కనే. మనసు ఒక అర నిమిషం అట్లనే ఉన్నది. ఫ్లూటు మొదటి ముక్క అయిపోయి రెండో ముక్క ఎత్తుకునే ముందు తమ్ముడు ఊపిరి తీసుకుంటడు, ఆ చప్పుడు నేను కావాలనే తీసెయ్యకుండ ఉంచిన. ఆ ఊపిరి వినవడంగనే ఆమె నాలుక చప్పరించి అన్నది, "పాపం, సక్కని పోరడు. ఎవల కొడుకో."

నేను వంగి చూసిన. టవర్ కింద నీలం అంగి వేసుకొని నవ్వుతున్న నా తమ్ముడు. చుట్టు దీపాలు. కింద అక్షరాలు: వాగు మింగిన యువకుడు, ఇక సెలవు.

"బంద్ చెయ్యక్కా" అన్న. ఆమెకు అర్థం కాలే. "ఏందమ్మా?" అన్నది. "బంద్ చెయ్యి, నీకు దండం పెడ్త. వాడు నా తమ్ముడు. వాడు ఇంక దొరకలే. చచ్చిపోయిండని ఎవరు చెప్పలే" అని ఒర్రిన. ఆమె చేతుల నుంచి ఫోన్ జారి కింద పడ్డది. అది పడికూడ మోగుతనే ఉన్నది. ఆటో డ్రైవర్ బండి ఆపి, వెనకకు వంగి ఫోన్ తీసి ఆపిండు. నా మొఖం చూసి "ఎక్కడికి పోవాలె చెల్లె?" అని అడిగిండు. తండా పేరు చెప్పిన. ఆయన ఇంకెవరిని ఎక్కించుకోలే. గూడూరుల మిగతావాళ్లను దించి, నన్ను తీసుకొని సీద తండాకే వచ్చిండు.

నేను పోయేసరికే ఆలస్యమైంది. మా ఇంటి ముంగట మంది ఉన్నరు. చిన్నాయిన తలకు తువ్వాల వేసుకొని గోడకు ఆనుకున్నడు. ఆడోళ్లు యాడి చుట్టు కూసున్నరు. ఒకామె కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని ఏడుపు ఎత్తుకున్నది. యాడి ఏడుస్తలేదు. చేతుల ఎవరిదో ఫోన్ ఉన్నది. నన్ను చూసి లేచింది. ఆ ఫోన్ నా దిక్కు చాపి మా భాషల అడిగింది.

"ఇది నా ఏడుపే గదా?"

నేను తల ఊపిన.

"ఊదింది వాడే గదా?"

"వాడే యాడీ. ఎప్పుడో నా రూముల ఊదింది. ఇప్పటిది కాదు."

"వాని శవం చూసినవా నువ్వు?"

"లేదు. ఎవరు చూడలే. బండి ఒక్కటే దొరికింది."

ఆమె వెనకకు తిరిగింది. ఏడుపు ఎత్తుకున్నామె దిక్కు చూసి, "నోరు ముయ్యి" అన్నది. మా యాడి ఎవరినీ అట్ల అనంగ నేను వినలే. "నా కొడుకు కోసం నేనింక ఏడ్వలే. నేను ఏడ్వకముందే నా ఏడుపు ఊరందరికి ఎవడు వినిపిస్తున్నడు?" అని నన్ను అడిగింది. "పో. గది ఆపించు."

ఆపుడు ఎట్లనో నాకు తెల్వదు. తండాల కరెంటు లేదు, నా ఫోన్ల చార్జింగ్ అయిపోవచ్చింది. ఆటో ఆయన వాపస్ పోలే, మా ఇంటి ముంగటనే నిలవడి ఉన్నడు. తన బండిల చార్జర్ ఉన్నదని నన్ను పిలిచి వెనక సీట్ల కూసోవెట్టిండు. పరదా కొట్టుకుంటున్న ఆ ఆటోలనే ఆ పగలంత గడిపిన.

ముందుగల్ల ఆ వీడియో చేసిన ఛానల్ ఆయన నంబరు దొరికిచ్చుకున్న. మానుకోటలనే ఉంటడు, నా దగ్గర రెండు మూడు సార్లు మ్యూజిక్ చేపిచ్చుకున్నోడే.

"అన్నా, నువ్వు పెట్టిన వాగు వీడియో తీసెయ్యి. మనిషి పోయిండని నీకెవరు చెప్పిండ్రు?"

"అందరు అంటున్నరు గదక్కా. గంత వరదల బతుకుతడా? జనం మస్తు చూస్తున్నరు. చూసినోళ్లందరు ఏడుస్తున్నరు. ఆ మ్యూజిక్ గట్లున్నది."

"ఆ మ్యూజిక్ నాది. ఆ ఫ్లూటు ఊదింది వాడు. వాడు నా తమ్ముడు."

"నాకు తెల్వదక్కా, ఒట్టు" అని, "తీసేస్తున్న" అన్నడు. తీసేసిండు కూడ. కాని అప్పటికే దాన్ని ఇంకొకరు, ఇంకొకరు తీసుకొని తమ ఛానళ్లల్ల పెట్టుకున్నరు. ఒక దాంట్ల తమ్ముని ఊరు తప్పు రాసిండ్రు, ఒక దాంట్ల పెండ్లాం పిల్లలు ఉన్నరని రాసిండ్రు. వానికి పెండ్లే కాలే.

అప్పుడు జనగామకు ఫోన్ చేసిన. డైరెక్టర్‌కు మొత్తం చెప్పంగనే ఆయన షాపు షట్టర్ దించిన చప్పుడు నాకు వినవడ్డది. "అక్కా, ఒక్కొక్కరిని బతిమాలుకుంట కూసుంటే అయ్యేది కాదు. మ్యూజిక్ మనది. ఎవరైనా వాడుకోవచ్చని రాసింది తీసేసి, మా మ్యూజిక్ మమ్మల్ని అడగకుండ వాడిండ్రని కంప్లైంట్ పెడితే వీడియోలు వాటంతట అవే పోతయి. ఆ రాగం ఉన్న వీడియోలన్నిటి మీద పెడ్త. పెట్టుమంటవా?"

"పెట్టు" అన్న. అన్నిటి మీద అంటే ఏందో ఆలోచించే తెలివి నాకు అప్పుడు లేకుండె.

పొద్దు వాలే యాళ్లకు గంగారం ఆయన ఫోన్. ఆటో చుట్టు ఉన్నోళ్లందరు దగ్గరికి వచ్చిండ్రు. యాడి అందరిని తోసుకొని వచ్చి నా పక్కన సీట్ల కూసున్నది. "అక్కా, కింద రెండు వాగులు కలిసే కాడ ఏదో తేలుతున్నదంటున్నరు. నీలం బట్ట కనవడ్తుంది. పోతున్న చూస్తానికి. ఫోన్ పెట్టకు."

నేను ఫోన్ పెట్టలే. అవతల ఆయన నడుస్తున్న చప్పుడు, బురదల కాలు దిగవడి తీసిన చప్పుడు, దూరంగ ఎవరో కేకలు. యాడి నా మణికట్టు పట్టుకున్నది. ఆమె గాజులు నా తోలుకు గుచ్చుకుంటున్నయి. పొద్దటి ఫొటోల నీలం అంగి నా కండ్ల ముంగట నుంచి పోతలేదు. సినిమాలల్ల ఇసొంటి సీన్లకు నేను ఎన్ని చేసిన! కెమెరా మెల్లగ దగ్గరికి పోతది, నేను కింది నుంచి ఒక్క తీగ చప్పుడు లేపుత. ఆ ఆటోల మాత్రం వాన చప్పుడు, ఇంకొకరి ఊపిరి చప్పుడు తప్ప ఏం లేకుండె. అది చాన ఎక్కువనిపించింది.

"అక్కా" అన్నడు ఆయన. "టార్పలిన్ కవరు. ఎవరి చేనుదో కొట్టుకొచ్చింది. మనిషి కాదు."

యాడి నా చెయ్యి వదిలింది. బండి దిగి ఇంట్లెకు పోయి తలుపు దగ్గరికి వేసుకున్నది.

ఆ రాత్రి ఎవరం పండుకోలే. తెల్లారి వాన తగ్గింది. మా చిన్నాయిన, ఇంకిద్దరు భూపాలపల్లికి బయలుదేరుతున్నరు. మా తండా పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "దొరకకుంటే ఏం చెయ్యాల్నో కూడ అనుకోవాలె బిడ్డా. మీ యాడికి నువ్వే చెప్పాలె" అన్నడు. ఆయన చెడ్డగ అనలే. నాకు మాత్రం ఆ మాట వింటుంటే, ఆ వీడియో చూసినోళ్లందరు వరుసగ వచ్చి నా ముంగట నిలవడ్డట్టు అనిపించింది.

మధ్యాహ్నం కావస్తుంటే నా ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఇంకో ఛానలోడనుకొని కోపంగ ఎత్తిన.

"అక్కా, నేనే. నిన్ననే చేద్దామంటే నా ఫోన్ నీళ్లల్ల తడిసింది. ఈ ఊరాయన ఫోన్‌ల మాట్లాడుతున్న. టవర్ ఇప్పుడే లేసింది."

నేను చెయ్యి ఊపి యాడిని పిలిచిన. వాడు చెప్పుకుంట పోతనే ఉన్నడు. వాగు ఇంక తక్కువ ఉన్నప్పుడే బండిని ఒడ్డు మీద పెట్టి, డీజిల్ డబ్బ నెత్తిన పెట్టుకొని, అవతలి ఊరోళ్ల ట్రాక్టర్ ఎక్కి వాగు దాటిండట. వెనకనే నీళ్లు పెరిగి బండి కొట్టుకుపోయింది. టవర్ జనరేటర్ల నీళ్లు పోయి స్టార్ట్ కాలేదట. అది ఆరవెట్టి, ఇప్పి, మల్ల బిగించేసరికి ఇంతసేపు పట్టింది. "యాడికి బండి పోయిందని చెప్పకు, తిడ్తది" అన్నడు. వానికి ఏం తెల్వదు.

యాడి వచ్చి నా చేతుల ఫోన్ గుంజుకున్నది. చెవికి పెట్టుకొని వింటున్నది, మాట్లాడుతలేదు. వాడు "యాడీ, యాడీ" అంటున్నడు, నాకు వినవడ్తనే ఉన్నది. ఆమె మొఖంల నమ్మకం లేదు. నాకు అప్పుడు సమజైంది. నిన్న వాని ఊపిరి కూడ ఫోన్లనే విన్నది. అది పాతదని నేనే చెప్పిన.

"నీ ముంగట ఇప్పుడు ఏమున్నది? చెప్పు" అని అడిగింది.

"ఏందే?"

"ఇప్పుడు. నీ కండ్లకు ఏం కనవడ్తుంది?"

"జనరేటర్ ఉన్నది. రెండు మేకలు ఉన్నయి. ఒకటి నా తువ్వాల తింటున్నది. ఏయ్, ఏయ్, పో!" వాడు మేకను కొట్టిన చప్పుడు, అది అరిసిన చప్పుడు వినవడ్డది.

యాడి అక్కడనే నేల మీద కూలవడి ఏడ్చింది. వరుస లేదు, పాట లేదు. దగ్గు లెక్క, వాంతి లెక్క వచ్చింది ఆ ఏడుపు. చుట్టున్నోళ్లు మొదలు భయపడి, తర్వాత సంగతి తెలిసి కొందరు నవ్వవట్టిండ్రు, కొందరు ఆమెతోని కలిసి ఏడ్వవట్టిండ్రు. ఆటో ఆయన బండి స్టార్ట్ చేసి హారన్ కొట్టిండు. ఎందుకు కొట్టిండో ఆయనకే తెల్వాలె.

వాడు నీళ్లు తగ్గినంక ఇంటికొచ్చిండు. పక్క తండాలోళ్లు కూడ వచ్చి చూసి, ముట్టుకొని పోయిండ్రు. నేను చూపెట్టకున్నా వాడు వీడియో దొరికిచ్చుకొని చూసిండు. నవ్వుతడనుకున్న. నవ్వలే. చూసినంక చాన సేపు వాకిట్ల తిరిగి, "కింద రాసినోళ్లందరు మంచోడు అన్నరు అక్కా. ఒక్కలు కూడ నాకు తెల్వదు" అన్నడు.

ఈ కథ ఇక్కడికి అయిపోతే మంచిగుండు. కాని కొన్ని దినాలకు, ఒక పగటి పూట, నా రూము మెట్లెక్కి ఒకామె వచ్చింది. నడీడు మనిషి, చేతుల ప్లాస్టిక్ కవరుల చుట్టిన ఫోన్. దంతాలపల్లి నుంచి వచ్చిన్నని చెప్పింది. కూసో అంటే కూసోలే.

"పిల్లంగోవి మ్యూజిక్ ఆమెవు నువ్వేనా చెల్లె?"

"నేనే అక్కా."

"నా పెనిమిటి వీడియో పోయింది. నువ్వే తీసేపిచ్చినవని మా మరిది చెప్పిండు. జనగామ ఆయనను అడిగి నీ అడ్రస్ పట్టుకున్నం. నేనేం తప్పు చేసిన?"

ఆమె భర్త తాటిచెట్టు మీది నుంచి పడి పోయిండు. ఆయన ఫొటోలు, ఎవరో తీసిన ఒక చిన్న వీడియో ముక్క కలిపి, వెనక మా రాగం పెట్టి మరిది నెట్ల పెట్టిండట. పొద్దుగాల లేవంగనే ఆమె దాన్ని ఒకసారి చూసుకునేదట. ఒక రోజు తెరిస్తే లేదు.

నేను డైరెక్టర్‌కు ఫోన్ చేసిన. ఆయన అదే రోజు జనగామ నుంచి వచ్చిండు. కంప్లైంట్లు వాపస్ తీసుకోవాలంటే వీడియోలు ఒక్కొక్కటే చూసి వదలాలె. ఇద్దరం కంప్యూటర్ ముంగట కూసున్నం. బడికి పోయే సంచి వేసుకున్న ఆడపిల్ల. పెండ్లి ఫొటోల నుంచి కత్తిరించిన మొగాయన, భుజం మీద ఇంకెవరిదో చెయ్యి మిగిలిపోయింది. పండ్లు లేని నోటితోని నవ్వుతున్న ముసలవ్వ. ఎవరూ మాకు తెల్వదు. అందరి వెనక మా తమ్ముని ఊపిరి. డైరెక్టర్ ఒక్కొక్కటి నొక్కుకుంట పోయిండు. తమ్ముని మీద చేసినవి తప్ప అన్నిటిని వదిలేసినం.

ఆమె వీడియో తిరిగి రానీకె ఇంకొన్ని రోజులైంది. మల్ల వచ్చి నా రూములనే చూసుకున్నది. చూసినంక లేవలే. కొంచెం మొమాటపడుకుంట అడిగింది, "చెల్లె, చివరికి ఆయన ఇట్ల తిరిగి ఏదో అంటున్నడు చూడు. మ్యూజిక్‌ల వినవడ్తలేదు. తీయొస్తదా?"

మళ్లోసారి ఆమె మరిది ఫోన్ల అసలు ముక్క ఉంటే పట్టుకొచ్చింది. తాటిచెట్ల నడుమ, చేతుల కల్లు లొట్టి పట్టుకొని ఆయన నిలవడి ఉన్నడు. నేను ఆ చోటికి వచ్చేసరికి ఫ్లూటును తగ్గించిన, తీగలను మొత్తం తీసేసిన. గాలి చప్పుడు వచ్చింది, ఎక్కడో నెమలి అరిసింది. దాని తర్వాత ఆయన గొంతు, గరుకుగ, దగ్గర్ల.

"ఏందిరా గది, ఫోన్ ఆపి లొట్టి పట్టు, ఒలుకుతుంది."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. భుజాలు అదురుతున్నయి. ఏడుస్తుందేమో అనుకున్న. నవ్వుతున్నది. "గిట్లనే కసురుకుంటుండె అందరిని" అన్నది. "ఇంకోసారి పెట్టు చెల్లె."

పెట్టిన.